చామంతికి చీకటి కూడా అవసరమే

కార్తీకం మొదలు సంక్రాంతి వరకు మన పెరళ్ళలో చామంతిదే రాజ్యం. దేవుని పటానికి దండ, ఆడపిల్లలకు పూలజడ, ధనుర్మాసంలో గొబ్బెమ్మలకు అలంకారం, అన్నింటికీ ఈ పువ్వే. అయితే క్వార్టర్లలో ఏటా ఒక ఫిర్యాదు వింటూ ఉంటాము: "మొక్క ఏపుగా పెరిగింది కాని, మొగ్గ తొడగడం లేదు." ఎరువు చాలలేదని యూరియా వేస్తే ఆకులే పెరుగుతాయి.

ఇటువంటప్పుడు ముందుగా చూడవలసినది కుండీని కాదు, వీధిదీపాన్ని. చామంతి రాత్రి నిడివిని కొలిచే మొక్క. రాత్రులు దీర్ఘమైనప్పుడే మొగ్గ తొడుగుతుంది. మొక్కలలోని ఈ గుణాన్ని గార్నర్, అల్లార్డ్ అనే అమెరికా శాస్త్రవేత్తలు 1920లో లోకానికి వెల్లడించారు. నడిరాత్రి కొంతసేపు వెలుతురు పడినా, మొక్క ఆ దీర్ఘరాత్రిని రెండు చిన్న రాత్రులుగా భావిస్తుంది. పూలను ఆలస్యంగా కోయదలచిన రైతులు తోటల్లో బల్బులు వెలిగించేది ఇందుకే. వారికి లాభమైనదే మనకు నష్టమవుతున్నది. భద్రత కోసం పెట్టిన దీపాన్ని ఆర్పమనలేము. కుండీని ఇంటి చాటుకు జరపడం మన చేతిలోని పని.

ఇక పెంపకం. పూలు అయిపోయిన తరువాత కాండాన్ని జానెడు ఎత్తున కోస్తే మొదట పిలకలు వస్తాయి. వేసవిలో వాటిని పలుచని నీడలో కాపాడి, జూన్-జూలైలలో విడదీసి నాటుకోవాలి. మట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్ళలో కలపాలి. నీరు నిలిస్తే వేరు కుళ్ళుతుంది. నాటిన నెలకు కొన చిగురు తుంచితే కొమ్మలు గుబురుగా వస్తాయి. ఆగస్టు దాటితే తుంచరాదు. పేనుబంక పడితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి చల్లాలి. పెద్ద పువ్వు కావాలనుకునేవారు కొనమొగ్గను ఉంచి పక్కమొగ్గలను తీసివేయాలి.

చామంతి ఉపయోగం అలంకారంతో ముగియదు. చైనాలో ఎండిన చామంతులతో తేనీరు కాచుకుంటారు. మన అంగడి పూలతో ఆ ప్రయత్నం చేయరాదు. వాటిపై పురుగుమందులు ఉండవచ్చు. దీని దగ్గరి బంధువైన పైరెత్రమ్ పూల నుండి కీటకనాశినిని తీస్తారు. నేటి దోమల మందులలో అనేకం ఆ పదార్థాన్ని అనుకరించి తయారైనవే.

మొగ్గ రాని మొక్కను పీకి పారవేసే ముందు, ఒక్కసారి రాత్రి పది గంటలకు దాని దగ్గర నిలబడి చూడండి. ఆకుపై వెలుగు పడుతున్నదా? కుండీని జరపండి. కొద్ది వారాలలో మొగ్గ రూపంలో సమాధానం దొరకవచ్చు.