బొరియ ఎరుగని కొండ కుందేలు.. గడ్డి దుబ్బే గూడు

ఆత్మకూరు: నల్లమల అడవి దారుల్లో చీకటి పడ్డాక వాహనానికి అడ్డంగా గెంతి, వెలుగులో క్షణకాలం నిశ్చేష్టమై నిలిచి, మరుక్షణం పొదల్లో మాయమయ్యే ప్రాణిని ఎరుగనివారు ఈ ప్రాంతంలో అరుదు. కొందరు కుందేలంటారు, మరికొందరు చెవులపిల్లి అంటారు. షెడ్లలో పెంచే తెల్ల కుందేలును కూడా అదే పేరుతో పిలవడంతో రెండూ ఒకే జాతి అన్న అభిప్రాయం జనంలో పాతుకుపోయింది. అది నిజం కాదు. ఈ తేడా తెలియకపోవడం అనేకసార్లు కొండ కుందేటి పిల్లల ప్రాణాల మీదికి వస్తోంది.

పేరు ఒకటే.. జాతులు వేరు

పెంపకపు కుందేలు ఐరోపా మూలాలు గల జాతి. దాని అడవి బంధువులు నేలను తవ్వి బొరియలు చేసుకుంటాయి. కళ్లు తెరవని, ఒంటిపై బొచ్చు లేని పిల్లలను ఆ చీకట్లోనే ఈనుతాయి. కొండ కుందేలు భారత ఉపఖండానికి చెందినది. 1823లో ఫ్రాన్సు జంతు శాస్త్రవేత్త ఫ్రెడరిక్ కువియె దీనికి పెట్టిన పేరు లెపస్ నైగ్రికోలిస్. అంటే నల్లమెడ కుందేలు. దక్షిణాది కుందేటికి మెడ వెనుక కనిపించే నల్లని మచ్చే ఆ పేరుకు మూలం. పెంపకపు కుందేటిలో 44 క్రోమోజోములుండగా దీనిలో 48 ఉంటాయి. రెండింటికీ సంకర సంతానం కలగదు. కుందేలు ఎలుకల జాతి అనుకోవడమూ సరికాదు. పై దవడ ముందుపళ్ల వెనుక మరో చిన్న పళ్ల జత ఉండడం దీని ప్రత్యేకత.

పచ్చికే పానుపు

కొండ కుందేలు బొరియ తవ్వదు. గడ్డి దుబ్బుల నడుమ, రేగు పొదల నీడన ఒంటితో నేలను అదిమి చిన్న పల్లం చేసుకుని, చెవులు వీపుకు ఆనించి పగలంతా కదలక పడుకుంటుంది. మట్టిరంగు ఒళ్లే దానికి రక్ష. మనిషి కాలు దాదాపు మీద పడేదాకా లేవదు. లేచిందంటే మాత్రం అందదు. దట్టమైన అడవికంటే గడ్డి, పొదలు కలిసిన కొండవాలులే దీనికి ఇష్టం. నీలగిరుల్లో రెండు వేల మీటర్లకు పైనున్న పచ్చిక బయళ్లలోనూ ఇదే జాతి జీవిస్తోంది. రాత్రివేళ గడ్డి, లేత చిగుళ్లు మేస్తుంది. ఎండు గడ్డిలోని సారం ఒక్క దఫాలో ఒంటపట్టదు గనుక తాను విసర్జించిన మెత్తని ఉండలను తిరిగి తిని రెండోసారి జీర్ణం చేసుకుంటుంది. అడవి అంచు చేలలో లేత పైర్లు కొరుకుతుందన్న రైతుల ఫిర్యాదులోనూ నిజం లేకపోలేదు.

దీని పిల్లలు బొచ్చుతో, తెరిచిన కళ్లతో పుడతాయి. తల్లి పగలు వాటి దరిదాపుల్లో ఉండదు. ఉంటే నక్కకో అడవి పిల్లికో జాడ తెలిసిపోతుంది. చీకటి పడ్డాక వచ్చి పాలిచ్చి వెళ్తుంది. అంతవరకు పిల్ల చేయవలసిన పని ఒక్కటే, కదలకుండా ఉండడం.

మంటలొస్తే..

వేసవిలో ఈ కదలకపోవడమే వాటికి యమపాశమవుతోంది. బోద గడ్డి ఎండిన కొండపై ఆర్పకుండా పారేసిన బీడీ ముక్క చాలు. కొత్త చిగురు కోసం, బీడీ ఆకు కోసం కావాలనే నిప్పు పెట్టడమూ ఉంది. పెద్ద కుందేలు పరుగెత్తి తప్పించుకుంటుంది. పిల్లలు పడుకున్నచోటే మాడిపోతాయి. బొరియ ఉన్న ప్రాణి భూమిలో దూరుతుంది, దీనికి ఆ దారి లేదు. గడ్డి కాలిపోయాక దాగే చోటు కరవై చేలవైపు దిగిన కుందేళ్లను వలలు, ఉచ్చులు, బ్యాటరీ లైట్లు, వేటకుక్కలు కాచుకుని ఉంటాయి.

అంతరించే ప్రమాదమున్న జీవుల్లో ఇది లేదు. అయినా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దీన్ని వేటాడడం జైలుశిక్షకు దారితీసే నేరం. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని వాదించేవారు ఎక్కడైనా ఉంటారు. అయితే పట్టుబడ్డాక ‘ఫారం కుందేలే’ అనే బుకాయింపు మెడ మీది నల్లమచ్చ ముందు నిలవదు.

పిల్ల కనిపిస్తే..

ఒంటరిగా ఉన్న పిల్లను తల్లిలేనిదిగా భావించి పశువుల కాపరులు, చిన్నారులు జాలితో ఇంటికి తెస్తుంటారు. ఆవుపాలు పోసి సాకబోతే బతికేవి తక్కువ. గాయమేదీ లేకుంటే దాన్ని ఉన్నచోటే వదిలేయాలి. గాయపడితే అటవీ సిబ్బందికి తెలపాలి. పొరపాటున ఇంటికి తెచ్చినా చీకటి పడకముందే అదే గడ్డి దుబ్బు వద్ద పెట్టి దూరంగా వచ్చేస్తే, తల్లి తిరిగి వచ్చి పాలిచ్చే అవకాశం ఉంటుంది.