తాతగారి కంటికి ఏ ఆపరేషన్ మేలు?

దివిసీమలో, నాగాయలంక దగ్గర పల్లెలో మీ తాతగారు ఉన్నారనుకోండి. ఆయన కంటిపాప తెల్లబడింది. చేనిగట్టు మీద నడవాలంటే మనిషి తోడు కావాలి. మచిలీపట్నం తీసుకువెళ్ళి చూపిస్తే, “శుక్లం బాగా ముదిరింది, తీసేయాలి” అన్నారు డాక్టరుగారు. “మిషన్‌తో చేసే కొత్త ఆపరేషనే చేయిద్దాం, డబ్బు కూడాక” అన్నాడు బాబాయి. మీరైతే ఏమంటారు?

కంటిపాప వెనుక స్వచ్ఛమైన కటకం ఉంటుంది. వయసు మీదపడేకొద్దీ దానిలోని ప్రోటీన్లు ముద్దకట్టి అది మసకబారుతుంది. అదే శుక్లం. చుక్కల మందుతో కరగదు.

పూర్వం పెద్ద గాటు పెట్టి, కటకాన్ని తీసి, కుట్లు వేసేవారు. ఆపైన సోడాబుడ్డి కళ్ళద్దాలే గతి! 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ కంటిలో ప్లాస్టిక్ కటకాన్ని అమర్చాడు. 1967లో అమెరికాలో చార్లెస్ కెల్మన్ అతిధ్వనులతో శుక్లాన్ని పగలగొట్టి పీల్చివేశాడు. ఇదే ‘ఫేకో’. దీనికి 3 మిల్లీమీటర్ల గాటు చాలు. మరో పద్ధతిలో సుమారు 6 మిల్లీమీటర్ల గాటును సొరంగంలా ఏటవాలుగా పెడతారు. అది తనంతట తానే మూసుకుంటుంది. ఖరీదైన యంత్రం అక్కరలేదు. రెండింటిలోనూ ప్లాస్టిక్ కటకం అమర్చుతారు.

ఈ రెండింటిలో ఏది మేలు? నేపాల్‌లో 108 మంది రోగులపై పోల్చి చూశారు. ఫలితాలు 2007లో వెలువడ్డాయి. ఆరు నెలల తర్వాత, అవసరమైనవారు అద్దాలు పెట్టుకోగా, రెండు జట్లలోనూ 98 శాతం మందికి మంచి చూపు వచ్చింది. ఫేకోకు సగటున 15.5 నిమిషాలు, రెండవదానికి 9 నిమిషాలు పట్టింది. ఖర్చూ రెండవదానికే తక్కువ.

అలాగని ఫేకో దండగ కాదు. గాటు చిన్నది కనుక కార్నియా వంపు అంతగా మారదు. అద్దాలు లేకుండానే చూపు స్పష్టంగా ఉండే అవకాశం ఎక్కువ. పెడనలో కలంకారీ అచ్చులద్దే మనిషికి అది పెద్ద లాభమే. కాని రాయిలా గట్టిపడిన శుక్లాన్ని పగలగొట్టాలంటే ఎక్కువ శక్తి కావాలి. అప్పుడు కార్నియా లోపలి కణాలు దెబ్బతినవచ్చు. పోయిన ఆ కణాలు మళ్ళీ పుట్టవు.

ఖర్చంటే ఆసుపత్రి బిల్లొక్కటే కాదు. బస్సు ఛార్జీలు, తోడు వచ్చినవారు పోగొట్టుకున్న కూలి కూడా లెక్కలోకి వస్తాయి. ఆలస్యానికీ ఖరీదుంది. చూపానక తాతగారు జారిపడవచ్చు. శుక్లం మరీ ముదిరితే కంటిలో ఒత్తిడి పెరిగి, చూపు శాశ్వతంగా పోవచ్చు.

అందుకే డాక్టరుగారిని ఇలా అడగండి: “ఈ కంటికి ఏది తగినది? మీ చేతికి ఏది బాగా అలవాటు? ఎన్నిసార్లు రావాలి? ఎన్నాళ్ళు ఆగవచ్చు?” జవాబులు విన్నాక బాబాయికి ఏం చెప్పాలో మీకే తెలుస్తుంది.