అర అంగుళం లెక్క

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో కోళ్లు, బాతుల్లాంటివన్నీ కలిపి 85.18 కోట్లు. వాటిలో పెరటి కోళ్లు 31.7 కోట్లు. 2012 లెక్కతో పోలిస్తే పెరటి కోళ్లు దాదాపు 46 శాతం పెరిగాయి. ఫారాల్లో పెరుగుదల 4.5 శాతమే. 10.79 కోట్లతో ఆంధ్రప్రదేశ్‌ది తమిళనాడు తర్వాత రెండో స్థానం. పశుగణన లెక్కించేది బతికున్న వాటిని. పిల్లగా ఉండగానే గద్ద పాలయినవి, అర్ధరాత్రి పిల్లి నోట పడ్డవి పెంచినవాళ్లకే తెలుసు.

విశాఖలో ఈ బెడద కాస్త ఎక్కువే. జాతీయ రహదారిని ఆనుకుని దాదాపు 71 చదరపు కిలోమీటర్ల కంబాలకొండ అభయారణ్యం ఉంది. అందులో చిరుతలు కూడా తిరుగుతాయి. చిరుత మన గూటి దాకా రావడం అరుదు కానీ ఆరిలోవ, అడవివరం, మధురవాడ వైపు పెరళ్లకు పునుగుపిల్లి, ముంగిస, జెర్రిపోతు పొరుగువాళ్లే. సముద్రం వైపు చూస్తే ఫిషింగ్ హార్బర్ మీద, కాపులుప్పాడ చెత్త యార్డు మీద రోజంతా గద్దలు. నేవీ తన విమాన స్థావరానికి ‘ఐఎన్ఎస్ డేగ’ అని పేరు పెట్టుకున్న ఊరు మరి!

ముందు నష్టం ఎంతో చూద్దాం. నాటుకోడి ఒక విడతలో 12 నుంచి 15 గుడ్లు పెడుతుంది. తర్వాత 21 రోజులు పొదుగుతుంది. ఆ పైన రెండు నెలలకు పైగా పిల్లలను వెంటేసుకుని తిరుగుతుంది. అందుకే ఏడాదికి మూడు, నాలుగు విడతలు దాటవు. 12 గుడ్లు పొదగేస్తే 10 పిల్లలు దిగాయనుకోండి. మొదటి ఆరు వారాల్లో 5 పోతే ఆ విడతలో సగం ఆదాయం పోయినట్టే. అదే తల్లి ఏడాదికి 60 గుడ్లు పెడుతుందనుకుని, గుడ్డు 12 రూపాయల చొప్పున లెక్కేస్తే 720 రూపాయలు. పెట్టే పోతే ఆ డబ్బయినా, ఆ గుడ్లను పొదిగితే రావాల్సిన పిల్లలయినా పోయినట్టే. ఏడాదికి సుమారు 110 గుడ్లు పెట్టే వనరాజా, 160 నుంచి 180 దాకా పెట్టే గ్రామప్రియ అయితే దెబ్బ ఇంకా పెద్దది. ఈ రెండు రకాలనూ తయారుచేసిన హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ శత్రువుల సంగతి ముందే ఆలోచించింది. వనరాజాకు పొడవు కాళ్లు పరుగెత్తి తప్పించుకోవడానికి, రంగురంగుల ఈకలు మట్టిలో, ఆకుల్లో కలిసిపోవడానికి పనికొస్తాయి.

శత్రువులను పగటివి, రాత్రివి అని విడదీస్తే సగం పని అయిపోతుంది. పగలు వచ్చేవి గద్ద, కాకి, ముంగిస, కుక్క. రాత్రివి పిల్లి, పునుగుపిల్లి, పందికొక్కు, చాలా రకాల పాములు. చాలామంది ముంగిసను రాత్రి దొంగ అనుకుంటారు. అది పగలు తిరిగే జంతువు. ఎవరు వచ్చారో చెప్పే ఆనవాళ్లూ ఉంటాయి. పట్టపగలు పిల్ల ఒక్కటే, ఈక కూడా మిగలకుండా మాయమైతే గద్దనో కాకినో అనుమానించాలి. గుడ్డు పెంకు కూడా లేకుండా పోతే పాము కావచ్చు. పెంకు పగిలి సొన కారి ఉంటే ముంగిస, కాకి, పందికొక్కుల్లో ఏదో ఒకటి. నాలుగైదు కోళ్లు చచ్చి పడి ఉండీ వేటినీ తినకపోతే బహుశా కుక్కలే.

గద్ద బరువు 500 నుంచి 900 గ్రాములు. అప్పుడే పుట్టిన కోడిపిల్ల 35, 40 గ్రాములకు మించదు. తన బరువంత బరువును ఎత్తుకుపోవడం గద్ద వల్ల కాదు. బాగా మేపిన వనరాజా పిల్ల ఆరు వారాలకు అర కిలో దాటుతుంది. నాటు పిల్ల అంత త్వరగా ఎదగదు కాబట్టి దానికి ఇంకొన్ని వారాలు కలుపుకోవాలి. అంటే గద్దతో పోరు ఏడాది పొడవునా కాదు, ఆ కొన్ని వారాలే. అన్నాళ్లూ పిల్లలను గంప కిందో, పైకప్పున్న ఆవరణలోనో ఉంచి మేపితే చాలు. కట్టెలకు వేలాడదీసే పాత సీడీలు, మెరుపు రిబ్బన్లు నాలుగు రోజుల ముచ్చట. తర్వాత గద్దలకు అలవాటైపోతాయి. వాటికన్నా సొరపాదు పందిరి నయం, కోళ్లకు నీడ, మనకు కూర. హార్బర్‌లో దొరికే పాత వలను పైన కప్పేవాళ్లూ ఉన్నారు. ఉపాయం మంచిదే. అయితే వల నేల మీదకు జారకూడదు. నైలాన్ వలలో పాము చిక్కుకుంటే అదో కొత్త ప్రమాదం.

రాత్రి కాపలాకు బలమైన గోడకన్నా చిన్న కన్నం ముఖ్యం. షాపులో ‘చికెన్ మెష్’ అడిగితే ఇచ్చే ఆరు పలకల పల్చటి తీగ కోడిని లోపల ఉంచడానికి పనికొస్తుంది, శత్రువును బయట ఆపడానికి కాదు. కుక్క దాన్ని పళ్లతో చింపుతుంది. చిన్న ముంగిస రెండు అంగుళాల సందులోంచి దూరుతుంది. ఎలుకకు అంగుళం కూడా అక్కర్లేదు. అందుకే అర అంగుళం కన్నాల వెల్డ్ మెష్ కొనాలి. ఎలుకలను ఆపితే వాటి కోసం వచ్చే పాములూ తగ్గుతాయి. సముద్రపు గాలికి ఇక్కడ మామూలు ఇనుప తీగ త్వరగా తుప్పు పడుతుంది. గాల్వనైజ్ చేసిందో, పైన ప్లాస్టిక్ పూత ఉన్నదో తీసుకుని, వానాకాలం ముందు ఒకసారి చేత్తో లాగి చూసుకోండి.

10 కోళ్లకు గూడు ఎంత కావాలి? రాత్రి పడుకోవడానికి కోడికి ఒక చదరపు అడుగు సరిపోతుంది. 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు పెట్టుకుంటే నేల 12, నాలుగు గోడలు 42 చదరపు అడుగులు. నేల మీదే కడితే తవ్వి దూరే జంతువుల కోసం చుట్టూ అడుగు వెడల్పున మెష్ పరచాలి. దానికి మరో 18 చదరపు అడుగులు, గోడలతో కలిపి మెష్ మొత్తం 60. అదే గూడును కాళ్ల మీద 2 అడుగులు ఎత్తి, అడుగున కూడా మెష్ వేస్తే 54తో సరిపోతుంది. పైగా పెంట కిందికి జారిపోతుంది, చెమ్మ ఉండదు. నా ఓటు కాళ్ల గూటికే. కాళ్లకు నున్నటి రేకు చుడితే ఎలుకలు ఎక్కలేవు. కూర్చునే కర్రకు కోడికి 8 అంగుళాల చొప్పున 10 కోళ్లకు 6 అడుగుల 8 అంగుళాలు కావాలి, కాబట్టి 4 అడుగుల కర్రలు రెండు చాలు. పైకప్పు రేకును మాత్రం గట్టిగా కట్టండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఇక్కడ తీరం దాటినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్ల పైమాటే.

గూటి తలుపుకూ ఒక లెక్కుంది. విశాఖలో నవంబరు చివర సూర్యుడు దాదాపు 5:20కే అస్తమిస్తాడు, జూలై మొదట్లో 6:35కు. రోజూ ఆరున్నరకు మూస్తామంటే చలికాలంలో గంటకు పైగా గూడు తెరిచి ఉన్నట్టే. తలుపు మూసేది గడియారం చూసి కాదు, పొద్దు చూసి. గడియ ఒకటి చాలదు, పిల్లి పంజాకు అందని కొక్కెం ఇంకొకటి ఉండాలి.

విషం పెట్టడం, ఉచ్చు వేయడం చట్టానికి చిక్కే పనులు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కొండచిలువ, ఉడుము మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటిని చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. 2022 సవరణ కనీస జరిమానాను 25,000 రూపాయలు చేసింది. ముంగిస, అడవిపిల్లి కూడా చట్టం రక్షణలో ఉన్నవే. వీధి కుక్కలను 2023 జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం ఆపరేషన్, టీకా అయ్యాక పట్టిన చోటే వదలాలి. ‘మున్సిపాలిటీ తీసుకుపోతుందిలే’ అని ఎదురుచూడటం కన్నా అయిదడుగుల దడి కట్టుకోవడం మేలు.

చీకట్లో గుడ్ల కోసం గూట్లో చేయి పెట్టకండి. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుకు ఏటా సగటున 58,000 మంది చనిపోయారని ఒక అధ్యయనం అంచనా వేసింది. ఆ మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి. గూట్లో పాము కనిపిస్తే కర్ర తీయకుండా అటవీ శాఖకు చెప్పండి. కాటు పడితే 108కి ఫోన్ చేయండి, మంత్రగాడికి కాదు.

కొత్త గూటికి డబ్బు ఇప్పుడే లేకపోతే ఉన్న గూడుతోనే మొదలుపెట్టండి. ఈ సాయంత్రం స్కేలు పట్టుకుని దాని చుట్టూ ఒకసారి తిరిగి, అర అంగుళం దాటిన సందు ఎక్కడున్నా చీకటి పడేలోగా మూసేయండి.