అలవాట్లు గుంపుగానే వస్తాయి

“ఆరోగ్యమే మహాభాగ్యం” అని పెద్దలు అన్నారు. హాస్టల్లో ఉన్నన్నాళ్లూ ఆ మాట వింటూనే పెరిగాం. మంచి అలవాటైనా చెడ్డ అలవాటైనా దేని దారి దానిదే అనుకునేవాళ్లం. హాస్టల్ వదిలాక గాని అది నిజం కాదని తెలియలేదు.

డిగ్రీలో చేరి నలుగురం పట్నంలో ఒక గది అద్దెకు తీసుకున్నాం. తెల్లవారుజామున గంట కొట్టేవారు లేరు, స్టడీ అవర్ లేదు. ముందుగా పోయింది నిద్ర. రాత్రి రెండింటికి పడుకుంటే పొద్దున తొమ్మిదింటికి గాని మెలకువ రాదు. దాంతో టిఫిన్ పోయింది. ఆకలికి టీ కొట్టు దగ్గరికి వెళ్తే అక్కడ సిగరెట్ అంటుకుంది. సాయంత్రం మిరపకాయ బజ్జీలే భోజనం. కబడ్డీ, వాలీబాల్ మాటే మరిచాం. ఏడాది తిరిగేసరికి శనివారం రాత్రి సీసా కూడా వచ్చి చేరింది. మమ్మల్ని చెడిపొమ్మని ఎవరూ చెప్పలేదు. ఒకదాని చెయ్యి పట్టుకుని మరొకటి వచ్చింది.

పరిశోధకులు దీనినే క్లస్టరింగ్ అంటారు. నూరు మందిలో ముప్పై మంది పొగ తాగేవారు, ముప్పై మంది మద్యం తాగేవారు ఉన్నారనుకుందాం. ఈ రెండింటికీ సంబంధమే లేకపోతే రెండూ ఉన్నవారు సుమారు తొమ్మిది మందే ఉండాలి. అంతకంటే ఎక్కువ మంది ఉంటే ఆ అలవాట్లు గుంపు కట్టినట్లు లెక్క. పొగ, మద్యం విషయంలో చాలా దేశాల్లో జరుగుతున్నది ఇదే.

అలవాట్లను కలిపి లెక్కించిన పరిశోధనల్లో పేరుపొందినది అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, అలమీడా కౌంటీలో జరిగింది. 1965లో అక్కడ సుమారు 7,000 మంది పెద్దలను ప్రశ్నించారు. బెలాక్, బ్రెస్లో అనే పరిశోధకులు ఏడు అలవాట్లను లెక్కలోకి తీసుకున్నారు: పొగ తాగకపోవడం, మద్యం మితిమీరకపోవడం, ఏడెనిమిది గంటల నిద్ర, వ్యాయామం, తగిన బరువు, ఉదయం టిఫిన్, మధ్యలో చిరుతిండి తినకపోవడం. 45 ఏళ్ల మగవారిలో ఆరేడు మంచి అలవాట్లు ఉన్నవారికి, మూడో అంతకంటే తక్కువో ఉన్నవారికి ఆయుర్దాయంలో దాదాపు 11 ఏళ్ల తేడా కనిపించింది. తర్వాతి పరిశీలనలో టిఫిన్, చిరుతిండి ప్రభావం అంతగా కనిపించలేదు. మిగిలిన ఐదూ నిలబడ్డాయి.

ఇంగ్లండులో 2003, 2008 సంవత్సరాల సర్వేలను పోల్చి చూసిన నివేదిక 2012లో వచ్చింది. పొగ, మితిమీరిన మద్యం, కూరగాయలు, పండ్లు తక్కువ తినడం, వ్యాయామం లేకపోవడం అనే నాలుగింటిలో మూడు గాని నాలుగు గాని ఉన్నవారు 33 శాతం నుంచి 25 శాతానికి తగ్గారు. సంతోషమే. కానీ నాలుగూ ఉండే అవకాశం పెద్ద చదువు చదివినవారి కంటే ఏ అర్హతా లేనివారికి 2003లో మూడు రెట్లు ఉంటే, 2008 నాటికి ఐదు రెట్లయింది. అంటే మేలు ముందుగా చదువుకున్నవారికే అందింది. మనం ఆలోచించాల్సింది ఇక్కడే.

అలాగని చదువు లేనివారికి బుద్ధి లేదని కాదు. మన ఇళ్లే చూడండి. పొద్దస్తమానం ఇటుకలు మోసే నాన్నకు వ్యాయామం కొరత లేదు. ఒళ్లు నొప్పులకు సాయంత్రం మందు, మధ్యలో బీడీ. కూరగాయలు కొనాలంటే కూలి డబ్బులు చాలవు. అలవాట్లు మనిషి మనసులోనే పుట్టవు. పనిలో, సంపాదనలో, వీధి చివరి దుకాణంలో పుడతాయి. శరీరం కూడా వాటిని ముడివేస్తుంది. నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుంది. నికోటిన్ నిద్ర పట్టనివ్వదు. మద్యం మొదట నిద్ర తెప్పించినా తెల్లవారుజామున చెడగొడుతుంది. అలసిన ఒళ్లు మైదానానికి వెళ్లనంటుంది.

చుట్టూ ఉన్న పరిస్థితి మార్చాలని మనవాళ్లే ఉద్యమించారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న మహిళలు 1992లో సారాపై తిరగబడ్డారు. ఆ ఉద్యమం జిల్లాలు దాటింది. 1993లో ప్రభుత్వం రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. పలక పట్టిన చేతులే సారా కొట్టును మూయించాయి.

చెడు గుంపుగా వస్తే మంచి కూడా అలాగే వస్తుంది. మేము అన్నీ ఒకేసారి మానాలని రెండుసార్లు ప్రయత్నించి ఓడిపోయాం. మూడోసారి నిద్ర ఒక్కటే పట్టుకున్నాం. రాత్రి పదిన్నరకు లైటు ఆర్పాలని నియమం పెట్టుకున్నాం. పొద్దున్నే మెలకువ వచ్చింది. వంతులవారీగా వండుకున్నాం. టీ కొట్టుకు వెళ్లే పని తగ్గింది. ముగ్గురం సిగరెట్ మానేశాం. ఒకడు ఇంకా మానలేదు. వాడిని తిట్టడం మానేసి, సాయంత్రం మాతోపాటు నడకకు తీసుకెళ్తున్నాం.

తమ్ముళ్లారా! వార్డెన్ సారు కొట్టించే గంట, వేళకు భోజనం, సాయంత్రం ఆట, రాత్రి వేళకు నిద్ర మీకిప్పుడు విసుగనిపించవచ్చు. అవి విడివిడి నియమాలు కావు, ఒకే గుంపు. హాస్టల్ వదిలేనాడు ట్రంకు పెట్టెతోపాటు వాటిని కూడా తీసుకెళ్లండి. పూర్వ విద్యార్థులారా! పట్నానికి వచ్చిన తమ్ముడికి గది చూపించేటప్పుడు, టీ కొట్టు కంటే ముందు మైదానం ఎక్కడుందో చూపించండి.