పోసెడి చేయి

భద్రాచలము దాటి శబరి యొడ్డున చింతూరు దిక్కుగా పోవువారికి, కొండవాలులలో నున్నని మ్రానులతో, చేపతోకలను తలపించు ఆకులతో నిలిచియుండు జీలుగు చెట్లు కానవచ్చును. 2014 వరకు ఖమ్మము జిల్లాలో నుండి, పిమ్మట ఆంధ్రప్రదేశములో కలిసిన ఆ సీమలో కోయలును కొండరెడ్లును చెట్టెక్కి, గెల కొనను పలుచగా చెక్కి, దానికి కుండ కట్టి, పూటపూటకు దింపుకొను కల్లు కేవలము వినోదపానము కాదు. కొండరెడ్లను గూర్చి 1945లో గ్రంథము వెలువరించిన హైమెండార్ఫ్ పండితుడు, తిండిగింజలు కరవైన దినములలో అది వారికి ఆహారమై నిలుచుటను గుర్తించెను. ఈ వృక్షము తలయందు పూయనారంభించి, గెల వెంట గెలగా క్రిందికి దిగి, కడపటి గెలతో తన యాయువును ముగించుకొనును.

అచట దింపినవాడే తరచు పోయువాడు. దింపిన వెంటనే తేనెవలె తీయగానుండు రసము గడియ గడియకు పులిసి ఘాటెక్కును గనుక, ఏ కుండ ఏ పూటదో, దేనిని ముందు వంచవలెనో, దేనిని ప్రొద్దు వాలువరకు ఆపవలెనో యెరుగుటయే వాని విద్య. నేలపై పెద్దల పేర నాలుగు చుక్కలు విడిచి, సొరబుర్రతో ముంచి ఆకుదొప్పలలో వరుస తప్పక పోయుచు, ఎవనికి చాలినదో వాడు చెప్పకమునుపే గ్రహించి బుర్రను ప్రక్కకు త్రిప్పుకొనగలవాడు నిజముగ ఒక చిన్న న్యాయాధికారి. త్రాగుడు ఎన్ని సంసారములను కూల్చినదో నేనెరుగుదును. ఎరుగుటచేతనే, పోసెడి చేతియందు వివేకముండవలెనని గట్టిగా చెప్పుచున్నాను.

ఆ చేతికిని దొప్పకును నడుమ మూడవవాడు చొరబడినచో నేమగునో 1879వ సంవత్సరము చూపినది. ఆ మన్యమునేలు మన్సబ్‌దారు కల్లుపై రాబట్టు చిగురుపన్ను చాలదన్నట్లు, దొరల ప్రభుత్వము కల్లు హక్కును గుత్తదారులకు అప్పగింపగా, తమ చెట్టు కల్లును తాము దింపుకొనుటకు పరులకు రుసుము చెల్లింపవలసిన దుఃస్థితి మన్యప్రజలకు దాపురించెను. వారు లేవదీసిన రంప పితూరీ యను తిరుగుబాటునకు గల కారణములలో ఇది ప్రధానమైనది. ఆ మార్చి నెలలో రేగిన మంట భద్రాచలము తాలూకాలోని రేకపల్లె సీమకును ప్రాకెను.

పోసెడి చేతికి వలయు ఆ విద్యనే నేడు తెలుగు విద్యార్థులు కొందరు ఐర్లండులోని పబ్బులలో నేర్చుకొనుచున్నారు. చదువుల కాలములో వారమునకు 20 గంటలు, సెలవులలో 40 గంటలు మాత్రమే వారు పని చేయవచ్చును. బల్లలు తుడుచుట, ఖాళీ గ్లాసులను ఒకదానిలో నొకటి దొంతిగా పేర్చి మోయుట, స్నేహితులు వంతులవారీగా అందరికిని కొనిపెట్టు ‘రౌండు’లో ఇప్పుడెవరి వంతో జ్ఞప్తియందుంచుకొనుట మొదటి పాఠములు. పిమ్మట పోయుట. 1759లో ఆర్థర్ గిన్నిస్ డబ్లినులో నెలకొల్పిన బీరు బట్టీనుండి వచ్చు ‘స్టౌటు’ అను నల్లని బీరును, గ్లాసును 45 డిగ్రీలు వంచి ముప్పాతికవరకు నింపి, బూడిదరంగు సుడులన్నియు అణగి నలుపు తేరువరకు నిలిపి, అటుపై మీగడవంటి నురుగు నిలుచునట్లు పూరింపవలెను, అందుకు 119.5 సెకండ్లు పట్టునని ఆ సంస్థవారి లెక్క. శుక్రవారపు రాత్రి ముందు పదిమంది నిలిచి పిలుచుచున్నను ఆ నిరీక్షణను కుదింపరాదు. ఆపవలసిన కుండను ప్రొద్దు వాలువరకు ముట్టని జీలుగువాని ఓర్పును, ఈ పిల్లవాని ఓర్పును నేను వేరుగా చూడజాలను.

మెచ్చిన అతిథులు విడిచిపోవు టిప్పుల విషయమునను, యజమాని రూపమున, మూడవవాని భయము లేకపోలేదు. కార్డుపై ఇచ్చిన టిప్పులను పనివారికి న్యాయముగ పంచవలెనని, పంచు తీరును అతిథులకు కనబడునట్లు ప్రకటింపవలెనని ఐర్లండు ప్రభుత్వము చేసిన చట్టము 2022 డిసెంబరు 1నుండి అమలులోనికి వచ్చినది. ఇప్పుడా దేశపు పబ్బులో అడుగిడిన మనవాడు, పోయుట నేర్వకమునుపే, ఆ ప్రకటన యెచట నున్నదో చూచి చదువుకొనవచ్చును.