ఆకిచ్చిన నాడే పని

ఆర్మూరు, మెట్‌పల్లి, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల ఏ పల్లెకు వెళ్లినా, ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు అరుగుల మీద కనిపిస్తారు. దేశంలో బీడీ కార్మికులు దాదాపు 50 లక్షల మందని కేంద్ర కార్మిక శాఖ చెబుతుంది. వాళ్లలో ఎక్కువ మంది ఆడవాళ్లే. కార్మిక చట్టాల మీద టీవీల్లో గంటల తరబడి చర్చలు నడుస్తాయి కానీ, ఆ మైకు ఈ అరుగుల దాకా రాదు.

ఆర్మూరు దగ్గరి ఒక పల్లెలో, పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఇదే పని చేస్తున్న ఒక పెద్దావిడను కొత్త లేబర్ కోడ్‌ల గురించి అడిగాను. 2025 నవంబరు 21 నుంచి 29 పాత చట్టాల స్థానంలో నాలుగు కోడ్‌లు అమల్లోకి వచ్చాయని చెప్పాను. బీడీ కార్మికులకు రోజుకు 8 నుంచి 12 గంటలు, వారానికి 48 గంటలే పని అని, అంతకు మించితే రెట్టింపు కూలి అని కేంద్రం ప్రకటించిన సంగతీ చెప్పాను. బీడీకి దారం చుట్టడం ఆపకుండానే ఆమె అన్నది: "గంటలు ఎవలు లెక్కవెట్టిండ్రు బిడ్డా? ఆకిచ్చిన నాడు పని, ఇయ్యని నాడు లేదు. నెలకు పది పన్నెండు దినాలు ఇస్తే గొప్ప."

ఆమె పని ఎలా సాగుతుందో చూస్తే ఈ మాట బరువు తెలుస్తుంది. తునికాకు, తంబాకు కంపెనీ తరఫున తూకం వేసి ఇస్తారు. ఆకును తడిపి, గుడ్డలో చుట్టి మగ్గనివ్వాలి. చిరిగినవి, ముదురు ఈనెలున్నవి ఏరేయాలి. రేకు ముక్కను కొలతగా పెట్టి ఒక్కో ఆకునూ కత్తెరతో కత్తిరించాలి. ఆ తర్వాత గానీ చిటికెడు తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, కొన మడవడం మొదలు కాదు. పాతిక బీడీలు ఒక కట్ట, నలభై కట్టలైతే వెయ్యి. కూలి ఆ వెయ్యికే. తడిపిన పొద్దుకూ కత్తిరించిన పొద్దుకూ వేరే లెక్క లేదు. బాగాలేవని పక్కకు పడేసిన బీడీలకు పైసా రాదు. ఇచ్చిన ఆకు చాలకపోతే సొంత డబ్బుతో కొని పూడ్చాలి. వెయ్యికింత అని బతికే మనిషికి వారానికి 48 గంటల హద్దు వల్ల ఒరిగేదేముంది? ఆమెకు కావలసింది పని దినాలకు భరోసా.

ఆమెకు చట్టాలు తెలియవని ఎవరైనా అనుకుంటే పొరపాటే. ఇంటి దగ్గర చుట్టేవాళ్లూ కార్మికులేనని 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం గుర్తించింది. యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్లినా, 1974లో మంగళూరు గణేశ్ బీడీ వర్క్స్ కేసులో ఆ చట్టం నిలిచింది. 1977లో బీడీ పరిశ్రమకు పీఎఫ్ వచ్చింది. దాని మీదా కోర్టుకెక్కారు. ఇంట్లో కూర్చుని చుట్టేవాళ్లకూ పీఎఫ్ ఇవ్వాల్సిందేనని 1985లో పి.ఎం. పటేల్ కేసులో తీర్పు వచ్చింది. ఆమెకు ఈ కేసుల పేర్లు తెలియవు, వాటివల్ల చేతికొచ్చిన పీఎఫ్ నంబరు మాత్రం కంఠతా వచ్చు. ఊళ్లో మనుషులను కూడా పీఎఫ్ ఉన్నోళ్లు, లేనోళ్లు అనే విడదీసి చెబుతారు. ఆమె కోడలూ అదే అరుగు మీద అవే బీడీలు చుడుతుంది. కానీ ఏ కంపెనీ రిజిస్టరులోనూ ఆ పిల్ల పేరు లేదు. కాగితాల మీద ఆ పిల్ల అసలు పనే చేయడం లేదు. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద అన్యాయం ఇదే.

ఇక ఢిల్లీ సంగతి. బీడీ మీద వసూలు చేసే సెస్సుతో కార్మికులకు దవాఖానాలు, ఇళ్లు, పిల్లలకు స్కాలర్‌షిప్పులు అందేవి. 2017లో జీఎస్టీ వస్తూనే ఆ సెస్సు పోయింది, సంక్షేమం బడ్జెట్ కేటాయింపుల దయ మీద పడింది. బీడీ మీద 28 శాతం పన్ను పడింది. 2026 ఫిబ్రవరి 1 నుంచి దాన్ని 18 శాతానికి తగ్గించారు. "పన్ను తగ్గిందట గదా, మరి నాకు వెయ్యికెంత పెరగాలె?" అని ఆమె అడిగింది. పార్లమెంటులో వినిపించాల్సిన ప్రశ్న ఇది. పీఎఫ్ పింఛను సంగతి మరీ ఘోరం. 2014 సెప్టెంబరులో కనీసం వెయ్యి రూపాయలన్నారు. పదేళ్లు దాటినా అదే వెయ్యి.

ఆర్మూరు ఉన్న నిజామాబాద్ లోక్‌సభ స్థానంలోనే 2019లో పసుపు, ఎర్రజొన్న రైతులు 170 మందికి పైగా పోటీకి దిగి దేశాన్ని తమవైపు తిప్పుకున్నారు. 2025లో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌కే వచ్చింది. బీడీలు చుట్టే ఆడవాళ్లకు అలాంటి దారి లేదు. లోక్‌సభ నామినేషన్‌కు 25 వేలు డిపాజిట్ కట్టాలి. అందుకే వాళ్ల ఓటును అందరూ లెక్కపెడతారు, వాళ్ల మాటను ఎవరూ లెక్కపెట్టరు. లేబర్ కోడ్‌ల విషయంలోనూ అంతే. 2020 సెప్టెంబరులో వాటిలో మూడు రాజ్యసభ దాటినప్పుడు ప్రతిపక్షం బహిష్కరించి బయట ఉంది, ప్రభుత్వం వాళ్లకోసం ఆగలేదు. లక్షల ఇళ్ల పొయ్యిలకు సంబంధించిన చట్టాలను అలా దాటించడం తప్పు. ఆ తప్పులో రెండు పక్షాలకూ వాటా ఉంది.

బీడీని నేను వెనకేసుకురావడం లేదు. అది తాగేవాడి ఊపిరితిత్తులను తింటుంది, చుట్టేవాళ్లనూ వదలదు. ఆ పెద్దావిడ మాటమాటకూ దగ్గుతూనే ఉంది. మనవరాలు ఈ చేట పట్టకూడదన్నదే ఆమె కోరిక. కానీ వేరే పని చూపకుండా మానుకోమంటే ఆ ఇల్లు ఎలా గడుస్తుంది? బీడీ కట్ట మీద హెచ్చరిక బొమ్మ పెంచమన్నప్పుడల్లా కంపెనీలు ఈ ఆడవాళ్లనే ముందుకు తోస్తాయి. కూలి పెంచమన్న రోజున వీళ్లెవరో తమకు తెలియనట్టు ఉంటాయి.

1966 చట్టం ఇప్పుడు కొత్త కోడ్‌లలో ఒకదానిలో కలిసిపోయింది. ఆ కోడ్‌లో ఒక మంచి మాట ఉంది, కార్మికులకు నియామక పత్రం ఇవ్వాలని. కార్మిక శాఖ అధికారులు ఆ పత్రాన్ని ఈ అరుగుల దాకా తేవాలి. కంపెనీ పేరు, కార్మికురాలి పేరు, వెయ్యికి కూలి, నెలకు ఇన్ని రోజులు ఆకు ఇస్తామన్న మాట అందులో ఉండాలి. ఈ జిల్లాల ఎంపీలు పార్టీలను పక్కనపెట్టి కనీస పీఎఫ్ పింఛను పెంచమని సభలో పట్టుబట్టాలి. రేపు ఓటడగడానికి వచ్చే ఏ నాయకుణ్నయినా ముందు ఈ రెండూ ఏమయ్యాయో చెప్పమని నిలదీయండి.