బుసకొట్టే కవాటం

సాయంకాలం నారాయణగూడ చౌరస్తాలో నిలబడి ఒక్క నిమిషం చెవులు రిక్కించి వినండి. ఆగిన బస్సు కదలబోతూ 'తుస్స్' మంటుంది. చిక్కడపల్లి సందుల్లోకి వెళ్తే ఏదో ఒక ఇంట్లో ప్రెషర్ కుక్కర్ ఈల వేస్తుంది. ఎప్పుడో ఒకప్పుడు అశోక్‌నగర్ దారిలో ఓ కారు, గేరు మార్చినప్పుడల్లా బుసకొడుతూ పోతుంది. మూడూ లోపల చిక్కుకున్న వాయువు బయటపడే చప్పుళ్ళే. కానీ మూడింటి కథ ఒకటి కాదు.

బస్సు బ్రేకులు గాలితో పనిచేస్తాయి. డ్రైవరు పెడలు మీద నుంచి కాలు తీయగానే బ్రేకులను బిగించిన గాలి బయటికి పోతుంది, అంతే. కుక్కర్‌లో ఆవిరి పీడనం హద్దు దాటితే పైనున్న బరువును లేపుతుంది. కారు కవాటం కూడా ఇలాంటిదేనని చాలామంది అనుకుంటారు. నిజానికి కారు పూర్తి జోరులో ఉండి, గొట్టంలో పీడనం ఎక్కువగా ఉన్నప్పుడు అది గట్టిగా మూసుకునే ఉంటుంది! మరి ఎప్పుడు తెరుచుకుంటుంది?

మామూలు ఇంజను, వాతావరణం నెట్టినంత గాలినే పీల్చుకుంటుంది. సూపర్‌ఛార్జర్ అనే పంకా గాలిని నొక్కి పంపుతుంది. వాతావరణ పీడనానికి ఒకటిన్నర రెట్లు నొక్కితే, అదే సిలిండర్‌లో దాదాపు ఒకటిన్నర రెట్ల గాలి పడుతుంది. దానికి తగ్గట్టు పెట్రోలూ ఎక్కువ మండుతుంది. ఈ పంకాను తిప్పేది ఇంజనే, బెల్టు ద్వారా.

పెట్రోలు కారులో ఇంజనులోకి వెళ్ళే గాలిదారికి థ్రాటిల్ అనే చిన్న తలుపు ఉంటుంది. కొన్ని సూపర్‌ఛార్జర్ కార్లలో ఈ తలుపు పంకా దాటాక ఉంటుంది. గేరు మార్చడానికి యాక్సిలరేటర్ వదిలితే తలుపు మూసుకుంటుంది. పంకా మాత్రం ఆగదు. బెల్టు దాన్ని తిప్పుతూనే ఉంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఆట వదిలాక జనం బయటికి వస్తుండగా హఠాత్తుగా గేటు మూశారనుకోండి. వెనకవాళ్ళు నెడతారు, ముందువాళ్ళు వెనక్కి తిరుగుతారు. గాలీ అలాగే వెనక్కి తన్ని పంకా రెక్కలను అదరగొడుతుంది. దీన్నే సర్జ్ అంటారు.

అందుకే పంకాకూ తలుపుకూ మధ్య గొట్టానికి ఒక కవాటం అమరుస్తారు. లోపల ఒక పిస్టన్, దాన్ని కిందికి నొక్కే స్ప్రింగు ఉంటాయి. పిస్టన్ కింద నొక్కిన గాలి. పిస్టన్ పై గదిని మాత్రం సన్నని గొట్టంతో తలుపుకు అవతల, ఇంజను వైపు కలుపుతారు. అసలు కిటుకు ఈ సన్నని గొట్టంలోనే ఉంది. తలుపు తెరిచి ఉంటే పైనా కిందా పీడనం దాదాపు సమానం, స్ప్రింగే గెలుస్తుంది. తలుపు మూసుకుంటే ఇంజను అవతలి గాలిని పీల్చేస్తుంది. పైన పీడనం వాతావరణంకంటే పడిపోతుంది. కింది గాలి పిస్టన్‌ను లేపేస్తుంది. అంటే ఈ కవాటం పీడనం ఎంతుందో చూడదు, రెండు వైపులా ఉన్న తేడాను చూస్తుంది. స్ప్రింగు మరీ గట్టిదైతే తెరుచుకోదు. మరీ మెత్తనిదైతే ఇంజను ఊరికే తిరుగుతున్నప్పుడూ తెరుచుకునే ఉంటుంది.

బయటపడ్డ గాలి ఎక్కడికి పోవాలి? కుర్రకారు బయటికే వదలమంటారు, ఆ బుస కోసం! కానీ చాలా కార్లలో గాలి లోపలికి వచ్చేటప్పుడే ఒక మీటరు దాన్ని లెక్కపెడుతుంది. సుమారు 14.7 గ్రాముల గాలికి ఒక గ్రాము పెట్రోలు చొప్పున కంప్యూటరు చల్లిస్తుంది. లెక్కలోకి వచ్చిన గాలి బయటికి పోతే పెట్రోలు మిగిలిపోతుంది. ఇంజను తడబడుతుంది, నల్లపొగ వస్తుంది. అందుకే ఇలాంటి కార్లలో ఆ గాలిని మీటరు దాటిన చోట, పంకా ముందుకే తిరిగి పంపుతారు. అప్పుడు చప్పుడూ బాగా తగ్గుతుంది. చిక్కడపల్లి గ్రంథాలయంలో పరీక్షలకు చదువుకునేవాళ్ళు సంతోషిస్తారు! పైగా తయారీదారు ఇచ్చిన నమూనాకు విరుద్ధంగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

టర్బో ఉన్న డీజిల్ బస్సుకు ఈ కవాటం సాధారణంగా ఉండదు. డీజిల్ ఇంజను జోరును గాలి తలుపుతో కాక, చల్లే డీజిల్‌ను తగ్గించి అదుపు చేస్తారు. దారి మూసుకోనప్పుడు గాలి వెనక్కి తన్నే పనేముంది?